కాటా చీటీ

రేస్ కోర్స్ రోడ్డు, ఖనిజ భవన్, మూడో అంతస్తు.
నా కిటికీకి గుర్రాలు కనబడవు.
వాటి మీద కాసిన డబ్బు పెట్టే కేక మాత్రం
సెలవు రోజు పనిచేస్తే వినబడుతుంది.

బల్ల మీద నలభై రెండు పేజీల కొండ,
ట్యాగు గుచ్చి కట్టింది.
అట్ట మీద: సండూరు వలయం, రాయల్టీ వసూలు.
వేలు తడిచేసి తిప్పుతాను.
ఎరుపు అంటదు.
అయినా ఒక్కోసారి చూసుకుంటాను, అంటిందేమోనని.

మా నాయన హొన్నూరప్ప
గని గేటు కాడ కాటా చీటీలు రాసేవాడు.
నిండు లారీకొక అంకె, వట్టి లారీకొక అంకె,
తీసివేత నోట్లోనే.
ఆయన బనీను ఉతికిన నీళ్ళు
మా అమ్మ వాకిట్లో చల్లేది.
ఎర్రమన్ను వేరే తెచ్చుకునే పని లేదు మాకు.

చీటీకి మూడు కాపీలు.
తెల్లది లారీకి, పచ్చది గనికి,
గులాబీది సర్కారుకి.
"ఆ గులాబీది యాడికి పోతాది నాయనా?"
"బెంగుళూరికి" అనేవాడు,
చచ్చినోళ్ళు యాడికి పోతారంటే పైకి చూపించినట్టు
దక్షిణం దిక్కుకు గడ్డం ఎత్తి.

గులాబీ చీటీ వెనకాలే వచ్చాను నేను.
ఇరవై తొమ్మిదేళ్ళ నౌకరీ. ఇప్పుడు తెలుసు,
అది ఎక్కడికీ పోలేదు.
ట్రెజరీలో ఒక పద్దు కింద పడుకుని ఉంది
వడ్డీ మీద వడ్డీ కప్పుకుని.
కొండే ఓడెక్కి పోయింది.

ఈ ఏడు ఉత్తర్వు వచ్చింది:
గని పన్నులో ఒక వంతు
ఇనుము కరిగించే చేతులకే తిరిగివ్వాలని.
నోట్ నేనే రాశాను.
కన్నడంలో రాశాను, తెలుగులో లెక్కపెట్టాను,
ఇంగ్లీషులో సంతకమైంది.

తనిఖీకని పీణ్య వెళ్ళాను.
మెట్రో దిగితే నూనె వాసన, లేతు మిషన్ల పళ్ళు కొరుకుడు,
సందు చివర దస్తగిరి ఫౌండ్రీ.
"మీ డబ్బు రాకముందు మేడం,
ఇక్కడ పావురాలకే ఉద్యోగం" అన్నాడు
రేకుల కప్పు చూపించి.
కొత్త ఫర్నేసుకింకా పెయింటు వాసన పోలేదు.
అచ్చుల దగ్గర ఓబులక్క
ఇసుకను పిడికిట్లో నొక్కి, విరిచి,
తడి సరిపోయిందో లేదో వేళ్ళతో చదువుతోంది.
నా ఫారంలో ఆమెకు గడి లేదు.
"ఉపాధి: తొమ్మిది" అని ఉంది,
ఆ తొమ్మిదిలో ఆమె ఎన్నోదో.

ఇనుము పోసేటప్పుడు ఎవరూ మాట్లాడరు.
గరిటె వంగింది.
ఆ కాసేపూ అందరి ముఖాలూ
మా నాయన బనీను రంగు.

సంబరపడ్డానా? అబద్ధమెందుకు, లేదు.
చీటీ లేకుండా దాటిన లారీలెన్నో
నాయన రాత్రుళ్ళు దగ్గుతూ చెప్పేవాడు.
ఊపిరితిత్తుల్లో మిగిలిపోయిన ఖనిజానికి
టన్నుకెంతో, ఏ పద్దు కిందో
ఏ ఉత్తర్వులోనూ లేదు. వెతికాను.
మా ఊరి బోరు ఇప్పటికీ మొదటి బిందె ఎర్రగానే పోస్తుంది.
తిరిగొచ్చింది ఒక వంతు.
మిగతావి అడగాలంటే ఇంకో ఫైలు కావాలి.
నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది.

దస్తగిరి చేసేవి మ్యాన్‌హోల్ మూతలు.
చల్లారినదాన్నొకటి ఇద్దరు మోసుకొచ్చి
కాటా మీద పెట్టారు.
ముల్లు అటూ ఇటూ ఊగి
నూట ఆరు దగ్గర నిలబడింది.
బ్యాగులోంచి పెన్ను తీశాను.
ఎవరూ అడగలేదు, నా పనీ కాదు.

"గులాబీ కాగితం ఉందా?" అన్నాను.
పాపం, అతను బిల్లు పుస్తకం మొత్తం తిరగేశాడు.